ఉబ్బసానికి మూలికా వైద్యం – ఎంతవరకు?

ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి గొట్టాలు లోపల వాచి, బిగుసుకుని, కఫంతో పూడుకుంటాయి. పిల్లికూతలు, ఆయాసం అందుకే. దీనికి మూలికలు పనిచేస్తాయా అని చాలామంది అడుగుతుంటారు.

మూలికలను తీసిపారేయలేం. మన ఊళ్లలో పెరిగే అడ్డసరాన్ని యునానీ హకీములు అడూసా పేరుతో దగ్గు, ఆయాసాలకు వాడుతూ వచ్చారు. అందులోని వాసిసిన్ ఆధారంగానే కఫాన్ని పలచబరిచే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. చైనా వైద్యులు వాడే ఎఫెడ్రా మొక్క నుంచి 1885లో జపాన్ శాస్త్రవేత్త నాగాయ్ ఎఫెడ్రిన్‌ను వేరుచేశారు. అది ఊపిరి గొట్టాలను వదులు చేస్తుంది. కానీ గుండెదడ, రక్తపోటు కూడా పెంచుతుంది. అందుకే మోతాదు, మంచిచెడ్డలు తేలాకే ఏ మొక్కయినా మందవుతుంది.

ఆయాసం ముంచుకొచ్చినప్పుడు ఇన్‌హేలర్ చేసే పని కషాయం చేయలేదు. రోజూ పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ లోపలి వాపును అదుపులో ఉంచుతుంది. తేలికపడ్డామని మానేస్తే వాపు మళ్లీ వస్తుంది. మూలికలు వాడేవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, ఇన్‌హేలర్ మాత్రం సొంతంగా ఆపకూడదు.

ఖర్చు భరించలేక మందు మానేసే పేదవారూ ఉన్నారు. దాతలు ఉబ్బస రోగికి సాయం చేయదలిస్తే, ముందుగా నెలనెలా ఇన్‌హేలర్ తప్పకుండా అందేలా చూడటం మేలు.