శిల్పాల నడుమ సోనాటా

1886 డిసెంబరు 16. బ్రస్సెల్స్‌లోని ఆధునిక చిత్రకళా మ్యూజియంలో కచేరీ జరుగుతోంది. మధ్యాహ్నం మొదలైన కార్యక్రమంలో ఆఖరి అంశం ఒక్కటే మిగిలింది. చలికాలం కావడంతో పొద్దు తొందరగా వాలిపోయింది. గోడల నిండా విలువైన బొమ్మలున్నాయి కాబట్టి దీపం వెలిగించడానికి వీల్లేదు. వయొలిన్ మీద యూజెన్ ఇజాయి, పియానో మీద లియోంటీన్ బోర్డ్-పెన్. సీజర్ ఫ్రాంక్ రాసిన సోనాటాలో మొదటి భాగం పూర్తయ్యేసరికి కాగితం మీది స్వరాలు కళ్లకు ఆనడం లేదు. ఇక ఆపేస్తారనుకున్నారంతా. వాళ్లు ఆపలేదు. మిగిలిన మూడు భాగాలూ ఆ చీకట్లోనే జ్ఞాపకం మీద వాయించారు. అక్కడే కూర్చుని విన్న స్వరకర్త వాన్సాన్ డాందీ తర్వాత ఈ సంగతి రాసిపెట్టాడు.

ఫ్రాంక్‌కు అప్పటికి అరవై నాలుగేళ్లు. ఆ సెప్టెంబరులో ఇజాయి పెళ్లికి కానుకగా ఆ సోనాటా రాసిచ్చాడు. వయొలిన్, పియానో కోసం రాసిన రచనల్లో లోకం ఎక్కువగా వినేవాటిలో అదొకటి. చివరి భాగంలో పియానో ఒక పాట ఎత్తుకుంటుంది. ఒక్క తాళభాగం ఆగి, వయొలిన్ అదే పాటను అందుకుని వెంటే నడుస్తుంది. ఒకరిని ఒకరు వినకపోతే అడుగు ముందుకు పడని సంగీతం అది.

మ్యూజియంలో కచేరీ అంటే మనకు కొత్తగా తోస్తుంది గానీ, మ్యూజియంలో కూర్చుని ఒక శబ్దం కోసం ఎదురుచూడటం తెలుగువాళ్లకు బాగా అలవాటే. సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లినవాళ్లు గంట కొట్టే వేళకు ఎక్కడున్నా అక్కడి పేరున్న గడియారం దగ్గరికి చేరతారు. కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ నుంచి వచ్చిన ఆ గడియారంలోంచి గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. అన్నిటికన్నా రద్దీ పన్నెండింటికి, దెబ్బలు పన్నెండు వినిపిస్తాయి కాబట్టి. పిల్లల్ని భుజాలకెత్తుకుని, గుసగుసలు మాని, వందలమంది ఒకే చోట చెవులు రిక్కించే ఆ క్షణాలు చూస్తే, వినడానికి మనవాళ్లకు ఓపిక లేదన్న మాట తప్పని తేలిపోతుంది.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో ఇలా కూర్చుని వినే చోట్లు బాగా తక్కువ. బాంబే హైవే లారీల మోత, ఫ్యాక్టరీ సైరన్లు, కొత్త అపార్ట్‌మెంట్ల బోరు మిషన్లు: రోజంతా చెవిన పడేవి ఇవే. కానీ మ్యూజియాలకు ఇక్కడ లోటు లేదు. 1796లో కట్టిన సంగారెడ్డి పాత జైలు ఇప్పుడు మ్యూజియం. సంగారెడ్డికి దగ్గర్లోనే కొండాపూర్ ఉంది. అక్కడ కోటగడ్డ అని పిలిచే దిబ్బను 1940ల మొదట్లో తవ్వితే శాతవాహనుల కాలపు నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు గుట్టలుగా బయటపడ్డాయి. పురావస్తు శాఖ మ్యూజియం ఆ దిబ్బ పక్కనే నడుస్తోంది. పటాన్‌చెరు పేరు చెప్పగానే రసాయన ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. అయితే ఒకప్పుడు పొట్లకెరెగా వెలిగిన జైన క్షేత్రం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ఇక్కడ దొరికిన నల్లరాతి జైన శిల్పాలు హైదరాబాద్ మ్యూజియాల్లో ఉన్నాయి.

ఇక వయొలిన్ సంగతి. దాన్ని పరాయి వాద్యమని తెలుగువాళ్లు ఏనాడూ అనుకోలేదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దొరల దగ్గర నేర్చిన వాద్యం, రెండు తరాలు తిరక్కుండానే కర్ణాటక కచేరీకి విడదీయలేని పక్కవాద్యమైంది. దొరలు నిలబడి గడ్డం కింద పెట్టుకున్నదాన్ని మనవాళ్లు నేలమీద బాసింపట్టు వేసుకుని, చివరి కొసను కుడి పాదం మీద ఆనించుకున్నారు. అలా ఆనించడంతో ఎడమచెయ్యికి బరువు తప్పింది. వేలు తీగ మీద ఇటునుంచి అటు జారడానికి, గమకం పలకడానికి దారి దొరికింది.

ఆ పక్కవాద్యాన్ని వేదిక మధ్యకు తెచ్చినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు. పుట్టింది 1893లో బెంగళూరులో, పెరిగింది విశాఖలో. 1919లో విజయనగరం సంగీత కళాశాల మొదలైంది, ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. విద్యార్థిగా చేరదామని వెళ్లిన నాయుడుగారి వాయిద్యం విని, దాసుగారు నేరుగా ఆచార్యుడిగా వేసుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1936లో నాయుడుగారే ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. 1938లో వెల్లూరులో ఆయన చేసిన సోలో కచేరీతో, గాయకుడు లేకుండా ఒక్క వయొలిన్‌నే గంటలకొద్దీ వినవచ్చని జనానికి తెలిసింది. చూపు మందగించినా కమాను తీరు తప్పలేదు. 1952లో యెహూదీ మెనూహిన్ భారతదేశానికి వచ్చినప్పుడు, మద్రాసులో జస్టిస్ రాజమన్నార్ ఇంట్లో నాయుడుగారి వాయిద్యం విని ముగ్ధుడయ్యాడు. అప్పటికి మెనూహిన్ ప్రపంచమంతా ఎరిగిన విద్వాంసుడు.

ఐరోపాలోనూ ఇలాంటి కథే నడిచింది. మొజార్ట్ కాలంలో వయొలిన్ సోనాటాలను పియానో సోనాటాలు, వయొలిన్ తోడుగా అనే పేరుతో అచ్చు వేసేవారు. అంటే వయొలిన్ అక్కడా పక్కవాద్యమే. బెథోవెన్ పది సోనాటాలు రాసేసరికి రెండు వాద్యాలూ సమ ఉజ్జీలయ్యాయి. విజయనగరంలో ఒక విద్వాంసుడు ఒంటిచేత్తో చేసిన పని అక్కడ స్వరకర్తల కలాల మీద జరిగింది. ఈ పోలిక తెలిసిన శ్రోతకు పాశ్చాత్య సోనాటా వినడం కష్టం కాదు. ఎవరు ఎత్తుకున్నారు, ఎవరు అందుకున్నారు, ఎవరు తగ్గి దారిచ్చారు అని గమనిస్తే చాలు. మన కచేరీల్లో గాయకుడి వెంట వయొలిన్ నడిచే తీరు చూసినవాళ్లకు ఈ చూపు ఎప్పుడో అబ్బింది.

పియానో మాత్రం మన కచేరీ సంగీతంలో అంతగా కలవలేదు. ఎనభై ఎనిమిది మెట్లు, ఒక్కోదానికి ఒకే స్వరస్థానం. రెండు మెట్ల మధ్య జారడానికి చోటు లేదు, అందుకే గమకం దాని మీద పలకదు. పైగా లోపల రెండు వందలకు పైగా తీగలు టన్నులకొద్దీ బిగువుతో ఉంటాయి. గాలిలో తేమ పెరిగినా తగ్గినా లోపలి చెక్క ఉబ్బి కుంగుతుంది, శ్రుతి తప్పుతుంది. మే నెల ఎండకీ జూలై ముసురుకీ మధ్య మన వాతావరణం దానికి పెద్ద పరీక్ష. ఇక్కడే మ్యూజియం అక్కరకొస్తుంది. పాత బొమ్మలు పగుళ్లివ్వకుండా ఉండటానికి చిత్రశాలలో వేడినీ తేమనూ నిలకడగా ఉంచుతారు. పియానో కోరేదీ అదే. పెద్ద దేశాల మ్యూజియాలు కచేరీలకు నెలవయ్యాయంటే అందం ఒక్కటే కారణం కాదు. ఎత్తైన పైకప్పు, గట్టి గోడలు వయొలిన్ నాదాన్ని నిండుగా తిప్పి పంపుతాయి. ఖాళీ గదిలో పియానో స్వరాలు ఒకదానిమీద ఒకటి పడి కలగాపులగం అవుతాయి గానీ, జనం వచ్చి కూర్చుంటే ఆ మోత కొంత అణుగుతుంది.

ఫ్యాక్టరీల ప్రాంతం నేర్చుకోవలసిన పాఠం మాత్రం లండన్‌లో ఉంది. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే వేళకు అక్కడి నేషనల్ గ్యాలరీ బొమ్మలన్నిటినీ దూరానికి తరలించారు. ఖాళీ గోడల మధ్య పియానో విద్వాంసురాలు మైరా హెస్ అక్టోబరు 10న మధ్యాహ్న భోజన వేళ కచేరీ పెట్టింది. టికెట్ ఒక్క షిల్లింగు. నలభై యాభై మంది వస్తే గొప్ప అనుకుంటే, వెయ్యి మంది వరుస కట్టారు. అక్కడి క్యాంటీన్లో తేనె, ఎండుద్రాక్ష పెట్టిన శాండ్‌విచ్‌లకు మంచి పేరు. భోజనానికి దొరికే గంటలోనే తినడమూ వినడమూ అయిపోయేవి. సోమవారం నుంచి శుక్రవారం దాకా, బాంబులు పడుతున్నప్పుడు నేలమాళిగలోకి మారి మరీ, ఆరున్నరేళ్లు నడిపారు. మొత్తం 1,698 కచేరీలు. విన్నవారు 8,24,152 మంది. వాళ్లలో గుమాస్తాలు, నర్సులు, సెలవు మీద వచ్చిన సిపాయిలు ఉన్నారు. సంగీతం ధనికులకు మాత్రమే రుచించే వ్యవహారమన్న అపోహను ఆ లెక్క ఒక్కటే కొట్టిపారేస్తుంది.

మన ప్రాంతంలోనూ శ్రోతలున్నారు. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్‌లో దేశం నలుమూలల నుంచి వచ్చిన కుటుంబాలు స్థిరపడ్డాయి. 1972 నుంచి పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు ఎన్నో దేశాల శాస్త్రవేత్తలు వచ్చి పోతున్నారు. కందిలో ఐఐటీ ఉంది, హాస్టళ్ల నిండా పిల్లలున్నారు. పియానో లేకపోతే ఇక్కడి మ్యూజియాల్లో కచేరీలు మొదలే పెట్టకూడదని ఎవరూ శాసించలేదు. ఎనభై ఎనిమిది మెట్ల డిజిటల్ పియానోను ఇద్దరు మనుషులు ఆటోట్రాలీలో ఎక్కించి తేగలరు. వయొలిన్‌కు అదీ అక్కర్లేదు. కావలసింది మ్యూజియం వాళ్ల అనుమతి, నూట యాభై కుర్చీలు, ఏ వారం ఎవరు వాయిస్తారో ముందే చెప్పే ఒక కాగితం.

వేళ మాత్రం ఇక్కడి బతుకును చూసి పెట్టాలి. సాయంత్రం ఆరింటికి పెడితే హైవే మీద ట్రాఫిక్‌లోనే సగం మంది చిక్కుకుంటారు. చాలా ఫ్యాక్టరీల్లో ఉదయం షిఫ్ట్ వాళ్లు మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగుతారు. రెండున్నరకు మొదలుపెట్టి గంటలో ముగిస్తే, యూనిఫాం మీదే వచ్చి విని, నాలుగింటి బస్సు అందుకుని ఇంటికి చేరగలరు.