వెదురు బద్ద, తాటాకు బుట్ట: డెల్టాలో మిగిలిన వేట

కార్తీకం దాటేసరికి గుడివాడ, బందరు చుట్టుపక్కల సార్వా వరి వెన్ను బరువెక్కి వంగుతుంది. ఆ రోజుల్లో పొద్దు వాలే వేళకు యానాది తెగవాళ్లు బుట్టలు మోసుకుంటూ కాలువ గట్ల వెంట చేలలోకి దిగుతారు. చేతిలో తుపాకీ ఉండదు, భుజాన విల్లు కనబడదు. అయినా వాళ్లు బయలుదేరింది వేటకే. విల్లు బుట్టలోనే ఉంటుంది.

బుట్టంటే తాటాకుతోనో వెదురుతోనో అల్లిన మూరెడు సరంజామా. దాని మీద వంచి కట్టిన వెదురు బద్దే విల్లు. బద్దకు బిగించిన దారం చివర ఉచ్చు, ఆ బిగువును ఆపుతూ ఒక చిన్న పుల్ల, లోపల గుప్పెడు వడ్లు. ఎలుక తల దూర్చి వడ్ల కోసం పుల్లను కదిపిందంటే బద్ద ఒక్కసారిగా లేస్తుంది, ఉచ్చు మెడకు బిగుస్తుంది. సాయంత్రం పెట్టిన బుట్టలను తెల్లవారక ముందే తీసి, చచ్చిన ఎలుకలను గట్టు మీద వరసగా పోసి రైతుకు లెక్క చూపిస్తారు. ఎలుకకు ఇంత అనో, ఎకరానికి ఇంత అనో ముందే మాట్లాడుకున్న కూలి ఆ లెక్కను బట్టి చేతికొస్తుంది.

బుట్ట చేయడం కంటే పెట్టే చోటు ఎంచుకోవడం కష్టం. ఎలుక రోజూ ఒకే దారిన నడుస్తుంది. గట్టు పక్కన పచ్చి మట్టి పోగు కనిపిస్తే కలుగు కొత్తదని అర్థం. వరి దుబ్బులో పిలకలు ఏటవాలుగా తెగి పడి ఉంటే రాత్రి అక్కడ మేత జరిగిందన్నమాట. డెల్టా పొలాల్లో ఎక్కువ నష్టం చేసే చిన్న పందికొక్కు కలుగు నోటిని మట్టితో మూసేసుకుని లోపల ఉంటుంది. తప్పించుకోవడానికి పైపైన మట్టి కప్పిన మరో దారి కూడా పెట్టుకుంటుంది. ఆ రెండో దారి ఎక్కడుందో పసిగట్టలేనివాడు ఎంత తవ్వినా ఖాళీ కలుగే మిగులుతుంది.

తవ్వే ముందు పొగ పెట్టడం రెండో పద్ధతి. అడుగున చిన్న బెజ్జం చేసిన కుండలో గడ్డి కుక్కి నిప్పు వేస్తారు. కుండ మూతిని కలుగు నోటికి ఆనించి, బెజ్జంలోంచి నోటితో ఊదుతారు. పొగకు ఉక్కిరిబిక్కిరైన ఎలుకలను తవ్వి తీస్తారు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో యానాదుల ఈ ఊదర పద్ధతిని వర్ణించాడు. కలుగు అడుగున ఎలుక దాచిన వెన్నులూ వడ్లూ తవ్వినవాడికే. తరాల నుంచీ వస్తున్న వాడుక అది. మాంసం కూరకు, గింజలు కుండకు చేరతాయి.

వేట అనగానే చాలామందికి అడవి, విల్లంబులు గుర్తొస్తాయి. అలాంటి వేట కృష్ణకు ఎగువన నల్లమలలో ఉండేది. చెంచుల విల్లంబుల గురించి, దుంపలు తవ్వుకు తినే వాళ్ల బతుకు గురించి క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో ప్రచురించిన పుస్తకం నేటికీ ప్రామాణికమే. గోదావరి మన్యంలో కోయలు, కొండరెడ్లు వేసవిలో భూమి పండుగ నాడు విల్లంబులతో ఊరుమ్మడిగా వేటకు వెళ్లేవారు. ఏమీ తేకుండా తిరిగొచ్చిన మగవాళ్లను ఆడవాళ్లు ఆటపట్టించి పేడనీళ్లు చల్లడం ఆ పండుగలో సరదా. దిగువ డెల్టాలో కొండ లేదు, కొండగొర్రె లేదు. 1852 నుంచి 1855 మధ్య బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టి కాలువలు తవ్వాక మెట్ట నేలలూ మాగాణులయ్యాయి. వేటగాడికి మిగిలినవి చెరువులు, మడ అడవి, వరి చేను. చెరువుల మీద పిట్టలు, మడల్లో పీతలూ చేపలూ, చేలో ఎలుకలు.

పిట్టలకు రెండు ఆయుధాలు వాడేవారు. ఒకటి ఉండేలు. ఈ రోజుల్లో ఉండేలంటే రబ్బరు కట్టిన పంగల కర్రే గానీ, పాత ఉండేలు అసలైన విల్లు. బాణానికి బదులు ఎండబెట్టిన మట్టి ఉండలు విసురుతుంది. నారి మధ్యలో ఉండ పట్టడానికి చిన్న సంచి లాంటి అల్లిక ఉంటుంది. వదిలేటప్పుడు విల్లు పట్టిన చేతిని పక్కకు తిప్పకపోతే ఉండ వచ్చి బొటనవేలికే తగులుతుంది. పంటచేలో గువ్వలను తోలడానికి, కొమ్మ మీది పిట్టను పడగొట్టడానికి కాపరి పిల్లలకు ఇదే ఆధారం.

రెండోది నాటు తుపాకీ. గొట్టం మూతిలోంచి మందు పోసి, పీచు కూరి, పైన సీసపు గుళ్లు వేసి, మళ్లీ పీచు కూరి కడ్డీతో దట్టించాలి. ఒకసారి పేలితే మళ్లీ నింపేలోగా చెరువు మీది పరజల గుంపు అంతా లేచిపోతుంది. అందుకే పిట్టలు దగ్గర దగ్గరగా చేరేదాకా గట్టు చాటున కదలకుండా కూర్చోవడమే ఆ వేటలో సగం విద్య. దక్షిణాదిలో ఈ తుపాకీ పేరు చెబితే గుర్తొచ్చేది నక్కల తెగ. తమిళనాట వీళ్లను నరికురవలు అంటారు. ఇంట్లో మాట్లాడేది వాగ్రిబోలి. ఆంధ్రప్రదేశ్‌లో వీళ్లు షెడ్యూల్డ్ తెగల జాబితాలోకి ఎక్కింది 2003లో. అప్పటికే తుపాకీ పక్కనపెట్టి తిరునాళ్లలో, బస్టాండ్లలో పూసల దండలు, పిన్నులు అమ్ముకునే బతుకుల్లోకి వచ్చేశారు.

ఆ తుపాకీ తెలుగు పల్లెల్లో నవ్వులాటగా మాత్రం ఇంకా బతికే ఉంది. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, చేతిలో చెక్క తుపాకీతో వీధిలోకి వచ్చే పిట్టలదొర తనకు లేని జమీందారీల గురించి, కొట్టని పులుల గురించి కోతలు కోస్తాడు. దొరల షికారునూ, వేటగాళ్ల గొప్పలనూ ఒకే దెబ్బకు ఎగతాళి చేసే వేషం అది.

తుపాకీ చేతిలోంచి జారిపోవడం వెనుక వందేళ్ల చట్టాల చరిత్ర ఉంది. 1878 నాటి ఆయుధ చట్టం భారతీయుడు తుపాకీ ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలంది. యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. స్వాతంత్య్రం వచ్చాక తెచ్చిన 1959 చట్టం ఆ తేడా తీసేసింది. పంట కాపలాకు నిజంగా అవసరమైన నాటు తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చని అందులో ప్రత్యేకంగా రాశారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అయినా చిన్న జంతువులను, పిట్టలను కొట్టడానికి లైసెన్సు తీసుకునే వీలు అందులో ఉండేది. 1991 సవరణ ఆ వీలునూ తీసేసింది. చెరువు మీద పరజను కొట్టినా, నామాలకోడిని కొట్టినా అది నేరమే అయింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్‌గన్‌కు 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. దాంతో కొంగను కొడితే మాత్రం వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. ఉండేలుతో కొట్టినా, ఉచ్చు వేసినా, వల పన్నినా అంతే. 2022 సవరణ తర్వాత మామూలు నేరాలకు మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఉడుము, బావురుపిల్లి వంటి మొదటి షెడ్యూల్ ప్రాణుల విషయంలో శిక్ష మూడేళ్ల దగ్గర మొదలై ఏడేళ్ల దాకా వెళుతుంది. అరుణాచల్ ప్రదేశ్‌లో ఇదే చిక్కును మరోలా విప్పే ప్రయత్నం చేశారు. పిట్టల వేట మానమని ఊరూరా చెబుతూ 2021లో ఎయిర్‌గన్లు అప్పగించే కార్యక్రమం మొదలుపెడితే, జనం తమంతట తామే వేల తుపాకులు తెచ్చి ఇచ్చారు.

గుడివాడకు దగ్గర్లో ఉన్న కొల్లేటిలో చట్టం పట్టు మరింత గట్టిది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఆటపాక దగ్గర గూడబాతులు అటవీ శాఖ వేసిన ఇనుప మంచెల మీద గూళ్లు కడతాయి. దిగువన దివిసీమ కొసన, నాగాయలంక అవతల కృష్ణ సముద్రంలో కలిసే చోట 1989లో ఏర్పడిన కృష్ణా అభయారణ్యం ఉంది. ఆ మడల్లో బావురుపిల్లి చేపలు పడుతుంది. అదే మడల అంచున యానాదులు చేతులతో పీతలు పట్టి అమ్ముకుంటారు.

ఎలుక సంగతి వేరు. పాత చట్టంలో అది హానికర జంతువుల జాబితాలో ఉండేది. 2022లో ఆ జాబితాను ఎత్తేశారు గానీ ఎలుకను రక్షిత షెడ్యూళ్లలో చేర్చలేదు. డెల్టాలో చట్టానికి అడ్డం రాని వేట, రైతు పిలిచి కూలిచ్చి చేయించుకునే వేట ఇదొక్కటే. యానాదులకు ఇది చిన్న విషయం కాదు. బ్రిటిష్ పాలనలో వీళ్లలో కొందరిని నేరస్థ తెగల చట్టం కింద నమోదు చేశారు. రాత్రి పూట పొలం గట్టు మీద కనబడటమే అనుమానానికి చాలేది. 1952లో రద్దయిన ఆ చట్టంపై పోరాడిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మీద 1962లో పుస్తకం రాశారు. 1973లో పద్మభూషణ్ అందుకున్నారు. అదే రాత్రి, అదే గట్టు మీదికి ఇప్పుడు రైతే ఫోన్ చేసి పిలుస్తాడు.

పిలవడానికి కారణాలున్నాయి. ఆడ ఎలుక చూలు మూడు వారాలే. ఒక్క సార్వాలోనే పిల్లలు, వాటి పిల్లలు తిరుగుతుంటాయి. వరి కోయక ముందే చేలో మినుములు వెదజల్లడం కృష్ణా డెల్టా అలవాటు. కాబట్టి కోత అయినా ఎలుకకు పొలం వదలాల్సిన పని లేదు. వ్యవసాయ శాఖ ఊరంతా ఒకేసారి మందు పెట్టిస్తుంది. 96 పాళ్ల నూకలకు 2 పాళ్ల నూనె, 2 పాళ్ల బ్రోమోడయోలోన్ కలిపి పొట్లాలుగా కట్టి కలుగుల్లో వేస్తారు. అంతకు ముందు వాడిన జింక్ ఫాస్ఫైడ్ త్వరగా చంపుతుంది. కానీ కొద్దిగా తిని జబ్బుపడి బతికిన ఎలుక మళ్లీ ఆ ఎర ముట్టదు. బ్రోమోడయోలోన్ కొన్ని రోజులు తీసుకుని చంపుతుంది గనుక ఎలుకకు అనుమానం రాదు. దాని ఇబ్బంది వేరు. విషం తిన్న ఎలుకను మింగిన గుడ్లగూబకు, పిల్లికి కూడా ముప్పే. బుట్టలో పడిన ఎలుకతో ఆ బాధ లేదు.

ఎలుక ఉన్న చోటికి పాము వస్తుంది. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగి అవనిగడ్డ ఆస్పత్రికి బాధితులు వరస కట్టారు. ఆ ఆగస్టులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పశాంతి యాగం కూడా చేయించారు. నాట్లప్పుడు, కలుపు తీతప్పుడు వట్టి కాళ్లతో బురదలో దిగే కూలీలకు తాచు, రక్తపింజరి ఎదురయ్యేది ఎలుకలు తిరిగే ఈ గట్ల మీదే.

వేట విద్యను ఉద్యోగంగా మార్చిన ఉదాహరణ పొరుగునే ఉంది. పాము తోళ్ల వ్యాపారం ఆగిపోయాక వీధిన పడ్డ తమిళనాడు ఇరులలు 1978లో రాములస్ విటేకర్ చొరవతో సహకార సంఘం పెట్టుకున్నారు. పాములను పట్టి, విషం తీసి, తిరిగి వదిలేస్తారు. మన ఆస్పత్రుల్లో వాడే విషం విరుగుడు మందుకు ముడిసరుకు చాలావరకు వాళ్లదే. ఆ తెగకే చెందిన మాసి సడయన్, వడివేల్ గోపాల్‌లను 2017లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం కొండచిలువలు పట్టడానికి పిలిపించుకుంది. రెండు వారాలు తిరక్కముందే 13 పట్టారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. ఇరులల ఎలుకల వేటకూ మెరుగులు దిద్దారు. కుండతో ఊదేవాళ్ల పెదవులు కాలడం, ఊపిరితిత్తుల్లోకి పొగ పోవడం చూసి చేత్తో తిప్పే ఉక్కు పొగ యంత్రం తయారుచేశారు.

అలాంటి యంత్రాలను మన వ్యవసాయ శాస్త్రవేత్తలూ సిఫారసు చేస్తున్నారు. అవి రైతు కొనుక్కునే పనిముట్లుగా వస్తున్నాయి. కలుగు ఎక్కడుందో చూసి చెప్పేది మాత్రం యానాదే. కాళ్లకు బూట్లు, చేతులకు తొడుగులు అరుదు. ఎలుక మూత్రం కలిసిన నీళ్లలో దిగేవాళ్లకు లెప్టోస్పైరోసిస్, అదే ఎలుక జ్వరం, పట్టుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

పైగా వరి పొలమే తగ్గుతోంది. నందివాడ, బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు చేలు చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారాయి. అక్కడ ఎలుకల బుట్టతో పని లేదు. చెరువుకు కావాల్సింది కాపలా మనిషి. నీటికాకులు, కొంగలు చేపపిల్లలను ఎత్తుకుపోకుండా రేయింబవళ్లు డబ్బా కొట్టాలి, టపాసులు పేల్చాలి, నీటి మీద దారాలు కట్టాలి. పిట్టను తరిమితే తప్పు లేదు, చంపితే కేసు. బుట్టల పని పంట ఉన్న నాలుగు నెలలే, అదీ ఎలుకల లెక్కన. చెరువు కాపలాకు నెల జీతం, గట్టు మీద గుడిసె ఇస్తారు. తండ్రి బుట్ట పెట్టిన గట్టు మీదే కొడుకు చెరువు కాపలాకు కుదురుతున్నాడు. ముందుగా అడ్వాన్సు తీసుకుంటే అది తీరేదాకా ఆ గట్టు దిగడానికి వీలుండదు.