సినిమా ముచ్చట: చొప్పదండి ప్రాంతంలో మిత్రుల హాస్య సమీక్ష – రూపం, వరుస, భాష

వ్యాససంగ్రహం: తెలుగు సినిమా విమర్శ చరిత్ర ప్రధానంగా పత్రికల చుట్టూ అల్లుకొని ఉంది. సినిమా చూసి వచ్చిన మిత్రుల మధ్య నడిచే మౌఖిక సమీక్ష ఆ చరిత్రలో చోటు చేసుకోలేదు. ఉత్తర తెలంగాణలోని చొప్పదండి ప్రాంతాన్ని ఆధారం చేసుకొని, ‘సినిమా ముచ్చట’ను ఒక మౌఖిక ప్రక్రియగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ముచ్చట, పరాచికం, పిట్టలదొర, తెలంగాణ భాష, బలగం.

1. ప్రవేశిక

తెలుగులో హాస్యాన్ని సినిమా విమర్శకు సాధనంగా మలిచినవారిలో ముళ్లపూడి వెంకటరమణ ముందువరుసలో నిలుస్తారు. ఆంధ్రపత్రిక వారపత్రికలో పనిచేసిన కాలంలో ఆయన చిత్ర సమీక్షలు రాశారు. గురజాడ ‘కన్యాశుల్కం’లోని గిరీశాన్ని సినిమాల మీద ఉపన్యాసకుడిగా నిలబెట్టి ‘గిరీశం లెక్చర్లు’ వెలువరించారు. చలనచిత్ర పరిశ్రమ మీద ‘విక్రమార్కుడి మార్కు సింహాసనం’ రాశారు. వీటిలో వినిపించే గొంతు చదువుకున్న కోస్తా పట్టణ మధ్యతరగతిది. ఆ గొంతుకు అచ్చు దొరికింది, పుస్తకం దొరికింది, పరిశోధకులూ దొరికారు. అదే కాలంలో కరీంనగర్ టాకీసు నుంచి సైకిలు మీద ఊరికి తిరిగి వచ్చినవాడు మరునాడు రచ్చబండ మీద చెప్పిన కథకు ఇవేవీ దొరకలేదు.

చొప్పదండి కరీంనగర్ జిల్లాలో మండల కేంద్రం. 2018లో పురపాలక సంఘంగా మారింది. శాసనసభ నియోజకవర్గంగా చూస్తే గంగాధర, రామడుగు, బోయినపల్లి, కొడిమ్యాల, మల్యాల మండలాలు కూడా దీని పరిధిలోకి వస్తాయి. కొత్త సినిమాకు కరీంనగర్ పోయిరావడం ఈ ప్రాంతపు అలవాటు. దీనివల్ల సినిమా చూడటానికీ దాని గురించి మాట్లాడటానికీ మధ్య ఒక ప్రయాణం ఉంటుంది. ముచ్చట ఆ ప్రయాణంలో మొదలై ఊళ్లో చాయ్ హోటలు దగ్గర పక్వానికి వస్తుంది. సినిమా చూడనివాడే అక్కడ ముఖ్యశ్రోత.

2. ముచ్చట నిర్మాణం

ప్రారంభం దాదాపు ఎప్పుడూ ఒకే ప్రశ్నతో జరుగుతుంది: “ఎట్లున్నదిరా?” నేరుగా “బాగుంది”, “బాగాలేదు” అంటే ముచ్చట అక్కడితో ఆగిపోతుంది. రసజ్ఞుడైన వక్త పక్కదారి పడతాడు. “ఇంటర్వల్ మంచిగున్నది” అన్న జవాబు ఇందుకు మచ్చు. అందులో తీర్పు ఉంది, కాని సినిమా పేరెత్తలేదు. వినేవాడు దాన్ని పూరించుకోవాలి. పూరించుకున్న క్షణంలో నవ్వు పుడుతుంది.

రెండో అంగం ‘కథ చెప్పుడు’. రెండున్నర గంటల చిత్రాన్ని “అచ్చిండు, కొట్టిండు, పోయిండు” అనే మూడు క్రియలకు కుదించడం ఒక పద్ధతి. ఒకే దృశ్యాన్ని పట్టుకొని చిత్రంలో కంటే ఎక్కువసేపు సాగదీయడం మరొక పద్ధతి. “హీరో కొడితే నలుగురు మీదికి లేసిండ్రు. ఇద్దరే దిగిండ్రు. కడమ ఇద్దరి కోసం రెండో భాగం తీస్తరట” అనే ధోరణి రెండో పద్ధతికి చెందుతుంది. ఇక్కడ వక్త చిత్రాన్ని కాదనడు. దాని మాటను అక్షరాలా నమ్మినట్లు నటిస్తాడు.

ఈ నటనకు తెలంగాణ జానపద ప్రదర్శనలో దగ్గరి చుట్టం ఉంది. ఖాకీ దుస్తులు, కట్టె తుపాకి, లేని ఆస్తుల జాబితా, గంభీరమైన ముఖంతో ఊరూరా తిరిగే పిట్టలదొర, అనగా తుపాకి రాముడు, కోతలు కోయడంలో ఆరితేరినవాడు. అతని మాటలో ప్రతి కొలతా పెరుగుతూ పోతుంది. ముఖంలో మాత్రం నవ్వు కనిపించదు. సినిమా ముచ్చట చెప్పేవాడూ ఇదే శిల్పాన్ని వాడతాడు, అయితే దిశ వేరు. పిట్టలదొర కోతలు తనవి. ముచ్చటలో కోతలు కథానాయకుడివి. వాటిని లెక్కకట్టి చూపడం వక్త పని. వరంగల్‌కు చెందిన నేరెళ్ల వేణుమాధవ్ (1932–2018) మిమిక్రీని వేదిక మీదికి ఎక్కించి గౌరవం తెచ్చారు. నటుల గొంతులను అనుకరించే సరదా అంతకుముందూ ఆ తరువాతా చాయ్ హోటళ్లలో, వసతిగృహాల్లో వేదిక లేకుండానే సాగింది. సెలవుల నుంచి తిరిగివచ్చిన విద్యార్థి ఒక్కడే పాత్రలన్నీ పోషిస్తూ దీపాలార్పిన గదిలో సినిమా ‘ఆడించడం’ గురుకులాల్లో చదివిన తరాలకు తెలిసిన విషయమే.

ఉపమానాలు ఎక్కడి నుంచి వస్తాయన్నది గమనించదగినది. ఇది శ్రీరాంసాగర్ కాలువ నీటితో వరి పండించే ప్రాంతం. “దుక్కి మంచిగనే దున్నిండు, నాటేసుడే మరిచిపోయిండు” అంటే ప్రథమార్ధంలో పాత్రల పరిచయం బాగుందనీ, ఆ తరువాత కథ లేదనీ అర్థం. టిక్కెటు, పెట్రోలు, మిర్చి బజ్జీల ఖర్చు కలిపి “పెట్టువడి ఎల్లలే” అనడం పంట లెక్క నుంచి వచ్చిన తీర్పు. అయిదింటికి ఇన్ని అని నక్షత్రాలు వేసే సమీక్షకుడి కంటే ఈ లెక్క నిక్కచ్చి అయినది. చెప్పేవాడి జేబు అందులో ఉంది.

3. వరుస, పరాచికం

మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో ‘హాస్య సంబంధం’ అనే భావనను విశ్లేషించారు. కొన్ని బంధుత్వాల్లో ఒకరినొకరు ఎగతాళి చేసుకోవడం అనుమతించబడుతుంది, కోపగించుకోకూడదన్న నియమమూ ఉంటుంది. తెలుగువారికి దీన్ని వివరించనక్కరలేదు. బావ, బామ్మర్ది, మరదలు – వీరి మధ్య పరాచికం హక్కు. తండ్రి, అన్న, పెదనాన్న వరుసల ముందు అది చెల్లదు.

చొప్పదండి ప్రాంతపు మిత్రులు ముచ్చటలో ఒకరినొకరు “బావా”, “మామా” అని పిలుచుకోవడం ఈ దృష్టితో చూడాలి. రక్తసంబంధం లేనిచోట పరాచికం ఆడే వరుసను అప్పు తెచ్చుకోవడం అది. ఆ గుంపులోకి “అన్నా” అనిపించుకొనే పెద్దవాడు వచ్చి కూర్చుంటే సమీక్ష స్వరం మారుతుంది. ఎగతాళి తగ్గి “పాటలు మంచిగున్నయన్నా” వంటి మర్యాద వాక్యాలు మొదలవుతాయి.

ఇంకొక సంగతి. హాస్య సమీక్ష లక్ష్యం చాలాసార్లు సినిమా కాదు. ఆ సినిమాకు తీసుకుపోయిన మిత్రుడు, లేదా ఆ నటుడి అభిమాని. ఎస్.వి. శ్రీనివాస్ వంటివారి పరిశోధన అభిమాన సంఘాలను తారతో వారికున్న సంబంధం కోణంలో లోతుగా చూసింది. అభిమానికి అతని మిత్రులతో ఉన్న సంబంధం ఈ ముచ్చటలో బయటపడుతుంది. తన కథానాయకుడి మీద వేసిన చతురోక్తికి తానే నవ్వగలిగిన అభిమాని గుంపులో నిలుస్తాడు. నవ్వలేనప్పుడు మాటామాటా పెరుగుతుంది.

4. ఎవరి భాష, ఎవరి నవ్వు

దశాబ్దాలపాటు తెలుగు తెరమీద ఈ ప్రాంతపు భాష ప్రతినాయకుడి నోటనో హాస్యపాత్ర నోటనో వినిపించింది. ‘ప్రతిఘటన’ (1985)లో కోట శ్రీనివాసరావు పోషించిన కాశయ్య పాత్రను ప్రేక్షకులు మరచిపోలేదు. ఆ నటన గొప్పదే. సమస్య నటనది కాదు. కథానాయకుడు ఒక భాష మాట్లాడి, అతడు ఓడించేవాడు చొప్పదండి ప్రేక్షకుడి ఇంటిభాష మాట్లాడినప్పుడు, ఆ ప్రేక్షకుడు ఎవరి పక్షాన ఈల వేయాలి? ‘మా భూమి’, ‘మొండి మొగుడు పెంకి పెళ్ళాం’ (1992) వంటివి ఆ స్థితికి మినహాయింపులుగానే మిగిలాయి.

ఈ నేపథ్యంలో ముచ్చట చేసే పని స్పష్టమవుతుంది. సినిమాలో ఆ భాషను చూసి నవ్వారు. ముచ్చటలో ఆ భాషే సినిమాను చూసి నవ్వుతుంది. ప్రచారంలో బిరుదుతో, ‘గారు’తో పిలవబడే నటుడు ఇక్కడ “గాడు” అవుతాడు. ప్రమాణభాషలోని గంభీర సంభాషణను వక్త తన యాసలో తిరగచెప్పగానే దాని డొల్లతనం బయటపడుతుంది. దీన్ని ప్రతిఘటన అని పిలవడానికి తొందరపడనక్కరలేదు. నవ్విన ఆ గుంపే మరుసటి శుక్రవారం టిక్కెట్ల వరుసలో నిలబడుతుంది.

ఇదే భాష తరువాత వీడియోగానూ మారింది. నియోజకవర్గంలోని మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి శ్రీరాం శ్రీకాంత్ 2012లో ప్రారంభించిన ‘మై విలేజ్ షో’ పల్లె ముచ్చటను ప్రపంచంలోని తెలుగువారందరికీ చేర్చింది. గంగవ్వ దానిద్వారా సినిమా తారల సరసన కూర్చుంది, 2019లో ‘మల్లేశం’లో నటించింది. నవ్వించే పల్లెమాటకు సినిమాలోనే గిరాకీ ఏర్పడింది.

2023 మార్చిలో విడుదలైన ‘బలగం’ ముచ్చటకు అనుకోని పరీక్ష పెట్టింది. సిరిసిల్ల ప్రాంతానికి చెందిన వేణు యెల్దండి తీసిన ఆ చిత్రాన్ని ఊళ్లలో తెరలు కట్టి సామూహికంగా చూశారు. సమీక్ష ప్రమాణాలు అక్కడ తారుమారయ్యాయి. ఎగతాళికి బదులు సరిచూడటం వచ్చింది: పిట్టకు పెట్టే తీరు అదేనా, పదకొండో దినం తంతు అట్లాగే చేస్తారా అని. ఆ కథలో కుటుంబం చీలడానికి కారణం భోజనం దగ్గర నల్లిబొక్క మీద వచ్చిన తగాదా. బావాబామ్మర్దుల పరాచికం హద్దు దాటి ఏళ్ల తరబడి పగగా మారడమే అది. పరాచికాన్ని వృత్తిగా కాకపోయినా వ్యసనంగా చేసుకున్న ప్రేక్షకులు తమ నియమం విరిగిన కథను చూసి కంటతడి పెట్టారంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

5. విడిచిన మాటలు

ముచ్చటను మెచ్చుకొనే ఉత్సాహంలో దాని కాఠిన్యాన్ని దాచకూడదు. నటి శరీరం, నటుడి రంగు, కులం మీద విసిరే మాటలకు కూడా ఈ గుంపుల్లో నవ్వు దొరుకుతుంది; వరుస కలుపుకున్న మిత్రుడికి ఉన్న రక్షణ వారికి లేదు. పైగా రచ్చబండ, చాయ్ హోటలు మగవారి స్థలాలు. ఉత్తర తెలంగాణలో బీడీలు చుట్టే చోట స్త్రీలు చేతులు ఆగకుండా చెప్పుకొనే సినిమా, ధారావాహికల ముచ్చట వేరే వ్యాకరణంతో నడుస్తుంది. అక్కడ కథ చెప్పుడు కంటే పాత్రకు సలహా చెప్పుడు ఎక్కువ. ఇది విడిగా పరిశోధించవలసిన భాగం.

సేకరణలో ఒక చిక్కు ఉంది. ఫోనులో రికార్డు మొదలైందని తెలియగానే “గాడు” కాస్తా “ఆయన” అవుతాడు, యాస పలచబడుతుంది, ఉపమానాలు మాయమవుతాయి. వక్త అనుమతి తీసుకోవడం తప్పనిసరి గనుక, మొదటి రోజు సేకరించిన పాఠాన్ని పక్కనపెట్టి, గుంపు పరిశోధకుడికి కూడా ఒక వరుస పెట్టి పిలిచేదాకా రావడం పోవడం సాగించాలి. వక్త మాటతోపాటు ఎవరు ఎక్కడ నవ్వారు, ఎవరు నవ్వలేదు, ఎవరు లేచిపోయారు అన్నదీ పాఠంలో నమోదు కావాలి.