గొర్రెల జన్యు పరీక్ష: ఫలితాన్ని ఎలా చదవాలి?

విద్యార్థులారా! మెండెల్ సూత్రాలను మీరు బఠాణీ మొక్కల ఉదాహరణతో నేర్చుకున్నారు. అవే సూత్రాలు గొర్రెల మందలో ఎలా పనిచేస్తాయో ఈ పాఠంలో తెలుసుకుందాం.

గొంగడికి ఉన్నినిచ్చే నల్లని దక్కని గొర్రె తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక మెట్ట ప్రాంతాల్లో కనిపిస్తుంది. ఇది సాధారణంగా ఈతకు ఒక్క పిల్లనే ఈనుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని సుందరవనాల గారోల్ గొర్రె శరీరంలో చాలా చిన్నది. అయినా ఒకే ఈతలో రెండు, మూడు పిల్లలను ఈనడం దానికి మామూలు. ఇందుకు ముఖ్య కారణం ‘ఫెక్-బి’ అనే ఉత్పరివర్తనం. 18వ శతాబ్దం చివరలో బెంగాల్ గొర్రెలు ఓడల్లో ఆస్ట్రేలియా చేరాయి. అక్కడి బూరూలా మెరినో గొర్రెల్లో ఇదే ఉత్పరివర్తనం ఉంది.

దీని జాడ 2001లో తెలిసింది. గొర్రెల 6వ క్రోమోసోమ్‌పై బి.ఎం.పి.ఆర్.1బి అనే జన్యువు ఉంది. అందులో ఒక్క అక్షరం మారి, ఎ స్థానంలో జి వచ్చింది. ఫలితంగా ప్రోటీన్‌లో 249వ స్థానంలో గ్లుటమిన్‌కు బదులు ఆర్జినైన్ చేరింది. అందువల్ల ఒకేసారి ఎక్కువ అండాలు విడుదలవుతాయి.

పరీక్ష ఎలా చేస్తారు? కొద్దిగా రక్తం తీసి, డి.ఎన్.ఎ.ను వేరుచేస్తారు. పి.సి.ఆర్. పద్ధతిలో 190 బేస్ జంటల పొడవున్న భాగానికి నకళ్లు తయారుచేసి, ఒక ఎంజైమ్‌ను కలుపుతారు. ఉత్పరివర్తనం ఉంటే ఆ ఎంజైమ్ దాన్ని 160, 30 జంటల ముక్కలుగా కోస్తుంది. లేకపోతే కోయదు. జెల్ మీద 190 పట్టీ మాత్రమే కనిపిస్తే ఫలితం ‘+ +’, అంటే ఉత్పరివర్తనం లేదు. 160 పట్టీ కనిపించి 190 పట్టీ లేకపోతే ‘బి బి’, అంటే రెండు నకళ్లూ ఉన్నాయి. 190, 160 రెండూ కనిపిస్తే ‘బి +’, అంటే ఒక నకలు ఉంది.

గొర్రెను చూసి ఎంచుకోవచ్చు కదా, పరీక్ష ఎందుకు అని మీరు అడగవచ్చు. పొట్టేలు ఈనదు. కాబట్టి దానిలో ఈ జన్యువు ఉన్నా బయటికి కనపడదు. కండ, కొమ్ము, నడక చూసి ఇది తెలుసుకోలేం. ఒక విత్తన పొట్టేలు లక్షణాలు మందలోని పిల్లలన్నిటికీ చేరతాయి గనుక, ఎంపికలో పొరపాటు జరిగితే దాని ఫలితం తరం పాటు ఉంటుంది.

ఇప్పుడు సంకరణం చూద్దాం. ‘బి బి’ పొట్టేలును ‘+ +’ గొర్రెలతో కలిపితే పుట్టే పిల్లలన్నీ ‘బి +’. ‘బి +’ పొట్టేలును కలిపితే ప్రతి పిల్లకూ ‘బి’ వచ్చే అవకాశం సగం. ‘బి +’ను ‘బి +’తో కలిపితే నాలుగింట ఒక వంతు ‘బి బి’, రెండు వంతులు ‘బి +’, ఒక వంతు ‘+ +’ రావచ్చు. ఇవి అవకాశాలే కాని హామీలు కావు.

మరి ‘బి బి’ వచ్చిన ఆడ గొర్రె అన్నిటికంటె మేలైనదా? కాదు. ఇక్కడే చాలామంది ఫలితపత్రాన్ని మార్కుల జాబితాలా చదువుతారు. రెండో నకలు వల్ల అండాల సంఖ్య పెరుగుతుంది. కాని పుట్టే పిల్లల సంఖ్య అదే మోతాదులో పెరగదు. పైగా ముగ్గురు పిల్లలు పుడితే ఒక్కొక్కటి తక్కువ బరువుతో పుడుతుంది. తల్లి పాలు చాలవు. ఎండాకాలంలో మేత దొరకని మెట్ట ప్రాంతంలో ఆ పిల్లలు బతకడం కష్టం, తల్లీ చిక్కిపోతుంది. కాపరికి లాభం పుట్టిన పిల్లల లెక్కలో లేదు, బతికి పెరిగిన పిల్లల లెక్కలో ఉంది.

మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ గారోల్ జన్యువును దక్కని గొర్రెల్లోకి తెచ్చి ‘నారి సువర్ణ’ను రూపొందించింది. అక్కడ ఒక నకలు ఉన్న గొర్రెలు 100 ఈతలకు సుమారు 50 పిల్లలను అదనంగా ఇచ్చాయి. కవలలను సాకడం తల్లికి సాధ్యమే, కాపరికీ లాభమే. రాజస్థాన్‌లోని అవికానగర్ కేంద్ర సంస్థ కూడా గారోల్, మాల్పురా, గుజరాత్‌కు చెందిన పాటన్‌వాడీ జాతులను కలిపి ‘అవిశాన్’ను రూపొందించింది.

ఒక విషయం గుర్తుంచుకోండి. ఈ పరీక్ష ఒక్క జన్యువు గురించే చెబుతుంది. పాలు, రోగనిరోధక శక్తి, దూరం నడిచే ఓపిక గురించి ఏమీ చెప్పదు. వాటిని మందలోనే గమనించాలి. కాబట్టి ఫలితం చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఏ జన్యువు? ఎన్ని నకళ్లు? ఆ లక్షణాన్ని పోషించడానికి మేత, సంరక్షణ ఉన్నాయా?

ఆలోచించండి: ‘బి +’ పొట్టేలుకు 40 ‘+ +’ గొర్రెల ద్వారా 40 పిల్లలు పుట్టాయి. ఎన్నిటిలో ‘బి’ ఉంటుందని ఆశించవచ్చు? సరిగ్గా అన్నే ఉండి తీరాలా?