స్నోమొబైల్: ధర కన్నా నడిచే గంటలే ముఖ్యం

గుల్మార్గ్‌లో పర్యాటకులను మంచు మీద తిప్పే స్నోమొబైల్ ఏడాదికి సంపాదించేది మూడు నాలుగు నెలలే. కాబట్టి టూ-స్ట్రోక్ కొనాలా, ఫోర్-స్ట్రోక్ కొనాలా అన్నది యజమాని బతుకుదెరువుకు సంబంధించిన లెక్క.

టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో భాగాలు తక్కువ. బండి తేలిక, సాధారణంగా ధరా తక్కువే. అయితే పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా కాలిపోతుంది కాబట్టి పోస్తూనే ఉండాలి. పాత యమహా ఆర్ఎక్స్ 100 నడిపినవారికి ఈ ఖర్చు తెలిసిందే. పిస్టన్, రింగులు కూడా త్వరగా అరుగుతాయి. సిలిండర్‌లోకి నేరుగా ఇంధనం చిమ్మే కొత్త మోడళ్లలో పెట్రోల్ ఖర్చు కొంత తగ్గింది.

ఫోర్-స్ట్రోక్‌కు ఖరీదు, బరువు ఎక్కువ. కానీ పెట్రోల్ తక్కువ తాగుతుంది, ఆయిల్ నిర్ణీత గడువుకు మారిస్తే చాలు, ఇంజిన్ ఎక్కువ కాలం మన్నుతుంది. ఇంజిన్ విప్పాల్సి వస్తే మాత్రం బిల్లు భారీగానే ఉంటుంది.

రోజంతా అద్దెకు తిరిగే బండి అయితే ఇంధనంలో మిగిలే డబ్బుతో ఫోర్-స్ట్రోక్ అదనపు ధర క్రమంగా తిరిగొస్తుంది. బండి తిరగాలంటే ముందు మంచు పడాలి. 2024 జనవరిలో గుల్మార్గ్ చాలా రోజులు మంచు లేక వెలవెలబోయింది. అలాంటి ఏడాది పెట్రోల్ ఆదా ఉండదు, అప్పు చేసి కొన్న బండి వాయిదాలు మాత్రం ఆగవు.