భార శాతం దేనిలో శాతం? టర్బో ఇంజను కంప్యూటరు లెక్క – నంద్యాల, ఆళ్లగడ్డ సేద్యానికి దాని అన్వయం

నంద్యాల నుండి ఆళ్లగడ్డ వైపు సాగే 40వ నంబరు జాతీయ రహదారిపై పరుగెత్తే కారులోనూ, ఆ రహదారికి ఇరువైపులా విస్తరించిన నల్లరేగడి పొలాలలో దుక్కి దున్నే కొత్త తరం ట్రాక్టరులోనూ నేడు ఒక సామాన్యాంశం కనిపిస్తుంది. రెండింటిలోనూ టర్బోఛార్జరు ఉంటుంది. రెండింటినీ ఒక చిన్న కంప్యూటరు నడిపిస్తుంది. ఆ కంప్యూటరుకు స్కానరును అనుసంధానిస్తే తెరపై ‘ఇంజను భారం’ అనే పేరుతో ఒక శాతం కనిపిస్తుంది. యంత్రీకరణపై పరిశోధించే విద్యార్థులు, రైతుకు సలహా ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్తలు ఈ సంఖ్యను నేరుగా వాడుకునే అవకాశం ఇప్పుడు ఏర్పడింది. అయితే ఆ సంఖ్య తూకం వేసి చెప్పినది కాదు; లెక్కగట్టి చెప్పినది. ఏ కొలతల నుండి, దేనిని నూరుగా తీసుకొని ఆ లెక్క కట్టారో తెలియనిదే దానిని ప్రయోగ ఫలితంగా స్వీకరించరాదు.

ఈ విషయం మన ప్రాంతంలో ఇప్పుడు ప్రస్తావనకు రావడానికి కారణం ఉంది. 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి ట్రెమ్-4 ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. వాటిని అందుకోవడానికి ఈ తరగతి ట్రాక్టర్లలో యాంత్రిక ఇంధన పంపు స్థానంలో కంప్యూటరు నియంత్రించే కామన్ రైల్ ఇంధన వ్యవస్థ ప్రవేశించింది. అంతవరకు ఇంజనుపై పడిన భారాన్ని పొగ రంగును బట్టి, శబ్దాన్ని బట్టి, భ్రమణ వేగం తగ్గుదలను బట్టి డ్రైవరు అంచనా వేసేవాడు. ఇప్పుడు ఆ అంచనాను యంత్రమే అంకెలలో చెబుతున్నది.

భారం అంటే ఏమిటి?

వాడుకలో భారం అంటే బరువు. ఇంజను శాస్త్రంలో భారం అంటే ఆ క్షణంలో ఇంజను అందించవలసి వస్తున్న టార్కు, అనగా షాఫ్టును తిప్పే బలం. భారం వేరు, వేగం వేరు. చదునైన రహదారిపై గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు ఇంజనుపై భారం తక్కువగా ఉండవచ్చు. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో లోతుగా నాగలి లాగుతున్న ట్రాక్టరు ఇంజనుపై అది పూర్తిస్థాయిలో ఉండవచ్చు. శక్తి ఎంతో తెలియాలంటే టార్కును భ్రమణ వేగంతో గుణించాలి. అందుచేత భార శాతం ఒక్కటే చూసి ఎంత శక్తి ఖర్చయిందో చెప్పడం సాధ్యం కాదు.

ఉత్పత్తి వాహనాలలో షాఫ్టు టార్కును ప్రత్యక్షంగా కొలిచే పరికరం సాధారణంగా ఉండదు. కాబట్టి కంప్యూటరు ఇతర కొలతల ఆధారంగా దానిని గణిస్తుంది. పెట్రోలు ఇంజనులో ఈ గణనకు గాలి ఆధారం. డీజిలు ఇంజనులో ఇంధనం ఆధారం.

పెట్రోలు ఇంజను: గాలి లెక్క

పెట్రోలు ఇంజనులో ఒక భాగం పెట్రోలు సంపూర్ణంగా దహనం కావడానికి బరువులో సుమారు 14.7 భాగాల గాలి అవసరం. ఈ నిష్పత్తిని స్థిరంగా ఉంచుతారు కనుక సిలిండరులోకి ఎంత గాలి ప్రవేశించిందో తెలిస్తే ఎంత టార్కు వస్తుందో తెలుస్తుంది. గాలి ద్రవ్యరాశిని తెలుసుకునే మార్గాలు రెండు. మొదటిది, కంప్రెసరుకు ముందు గాలి ప్రవాహ సెన్సారును అమర్చి నేరుగా కొలవడం. రెండవది, కంప్రెసరు తరువాత మానిఫోల్డులోని పీడనాన్ని, ఉష్ణోగ్రతను కొలిచి, వాయు సూత్రం ద్వారా సాంద్రతను గణించడం.

రెండవ పద్ధతిని ఒక ఉదాహరణతో చూద్దాం. మూడు సిలిండర్లు గల 1000 ఘన సెంటీమీటర్ల టర్బో ఇంజనును తీసుకుందాం. ఒక్కో సిలిండరు పరిమాణం సుమారు 333 ఘన సెంటీమీటర్లు. మానిఫోల్డు పీడనం 180 కిలోపాస్కల్‌లు, అక్కడి గాలి ఉష్ణోగ్రత 50 డిగ్రీల సెల్సియస్ అయితే గాలి సాంద్రత లీటరుకు 1.94 గ్రాములు అవుతుంది. సిలిండరు తన పరిమాణమంతా నిండదు. ఎంత భాగం నిండుతుందో తెలిపే ఘనపరిమాణ సామర్థ్యం ఈ స్థితిలో 90 శాతం అనుకుంటే, ఒక్కో పీల్పుకు 0.58 గ్రాముల గాలి లోనికి ప్రవేశిస్తుంది. పై నిష్పత్తి ప్రకారం దానికి సుమారు 40 మిల్లీగ్రాముల పెట్రోలు కావాలి. ఈ సామర్థ్యం వేగాన్ని, పీడనాన్ని, వాల్వుల సమయాన్ని బట్టి మారుతుంది. తయారీదారు పరీక్షశాలలో కొలిచిన విలువలు పట్టికలుగా కంప్యూటరు జ్ఞాపకంలో ఉంటాయి.

ఈ గాలిని దేనితో పోల్చాలి? ఎస్.ఏ.ఇ. జె1979 ప్రమాణం ఇందుకు రెండు నిర్వచనాలను ఇస్తుంది. మొదటిది ‘గణిత భారం’: ప్రస్తుత గాలి ప్రవాహాన్ని, అదే వేగంలో థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు లభించే గరిష్ఠ ప్రవాహంతో భాగించడం. వాతావరణ పీడనం, ఉష్ణోగ్రతలకు తగిన సవరణ ఇందులో ఉంటుంది. రెండవది ‘నిరపేక్ష భారం’: ఒక్కో పీల్పుకు ప్రవేశించిన గాలిని, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, సాధారణ వాతావరణ పీడనం వద్ద ఆ సిలిండరు పరిమాణంలో ఉండగల గాలితో భాగించడం. ఆ స్థితిలో గాలి సాంద్రత లీటరుకు 1.184 గ్రాములు. మన ఉదాహరణలో సిలిండరుకు అది 0.394 గ్రాములు. కనుక నిరపేక్ష భారం సుమారు 148 శాతం.

నూరు దాటిన శాతాన్ని చూసి సెన్సారు చెడిపోయిందని విద్యార్థి అనుమానించవచ్చు. టర్బోఛార్జరు చేసే పనియే అది. వాతావరణం సహజంగా ఇచ్చే గాలికంటె ఎక్కువ గాలిని సిలిండరులో నింపడం. అదే కారు చదునైన దారిపై నిదానంగా సాగుతున్నప్పుడు మానిఫోల్డు పీడనం 60 కిలోపాస్కల్‌లు, ఉష్ణోగ్రత 45 డిగ్రీలు, సామర్థ్యం 80 శాతం అయితే నిరపేక్ష భారం 44 శాతమే. టర్బో ఇంజనులో థ్రాటిల్ ఎంత తెరుచుకున్నదో చూసి భారాన్ని నిర్ణయించలేకపోవడానికి కారణం కూడా ఇదే. థ్రాటిల్ ఒకే స్థితిలో ఉన్నా, టర్బైను వేగం పుంజుకొనే కొద్దీ గాలి పెరుగుతూ పోతుంది.

డీజిలు ట్రాక్టరు: ఇంధనం లెక్క

డీజిలు ఇంజనులో గాలి సాధారణంగా అవసరానికి మించే ఉంటుంది. టార్కును నిర్ణయించేది ఇంధనం. కామన్ రైల్‌లోని పీడనం, ఇంజెక్టరు తెరిచి ఉంచిన కాలం ఆధారంగా ఒక్కో ఇంజెక్షనుకు ఎంత డీజిలు పోయిందో కంప్యూటరు గణించి, పట్టికల సాయంతో దానిని టార్కుగా మారుస్తుంది. గాలి కొలత ఇక్కడ హద్దు గీతగా పనిచేస్తుంది. ఉన్న గాలికి మించి ఇంధనం పోస్తే నల్లని పొగ వస్తుంది కనుక, టర్బో పీడనం పెరిగేవరకు కంప్యూటరు ఇంధనాన్ని ఆపి ఉంచుతుంది.

భారీ వాహనాల సమాచార ప్రమాణమైన ఎస్.ఏ.ఇ. జె1939లో భారానికి సంబంధించిన సంఖ్యలు ఒకటికంటె ఎక్కువ. ఊహాత్మకమైన ఒక నాలుగు సిలిండర్ల ట్రాక్టరుతో వాటిని పోల్చుదాం. ఆధార టార్కు 300 న్యూటన్ మీటర్లు అనుకుందాం. నిమిషానికి 2000 భ్రమణాల వద్ద తెరపై ‘వాస్తవ టార్కు 58 శాతం, ఘర్షణ టార్కు 8 శాతం’ అని కనిపించింది. సిలిండర్లలో పుట్టిన టార్కు 174, ఇంజను తన ఘర్షణకే ఖర్చుపెట్టినది 24, షాఫ్టు నుండి వెలుపలికి అందినది 150 న్యూటన్ మీటర్లు. ఈ వేగంలో సిలిండర్లలో గరిష్ఠంగా పుట్టగలిగినది 224 అయితే ‘ప్రస్తుత వేగంలో భార శాతం’ 174ను 224తో భాగించగా సుమారు 78.

ఒకే క్షణంలో ఒకే ఇంజనుకు 58, 50, 78 అనే మూడు సంఖ్యలు వచ్చాయి. మూడూ సరైనవే. 58 అనేది ఆధార టార్కులో పుట్టిన టార్కు. 50 అనేది ఆధార టార్కులో అందిన టార్కు. 78 అనేది ఆ వేగంలో సాధ్యమైన దానిలో వాడుకున్న భాగం. ప్రయోగ నివేదికలో ‘ఇంజను భారం 78 శాతం’ అని మాత్రమే వ్రాస్తే, మరొక విద్యార్థి 58ని వ్రాస్తే, రెండు పద్ధతుల దున్నకాలను పోల్చే పట్టిక అర్థరహితమవుతుంది.

భ్రమణ వేగాన్ని నమోదు చేయకపోతే నష్టం ఇంకా పెద్దది. పై స్థితిలో షాఫ్టు శక్తి 31.4 కిలోవాట్లు. అదే ట్రాక్టరును నిమిషానికి 1300 భ్రమణాల వద్ద నడిపినప్పుడు సిలిండర్లలో సాధ్యమైన గరిష్ఠ టార్కు 268, ఘర్షణ 18 అనుకుంటే, అదే 78 శాతం భారానికి షాఫ్టు శక్తి 26 కిలోవాట్లు మాత్రమే.

నల్లరేగడిలో ఈ సంఖ్య ఏమి చెప్పదు?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు నల్లరేగడి తేమ మారినంత మాత్రాన స్వభావం మార్చుకొనే నేల. ఎండినప్పుడు గట్టిపడి నెర్రెలు విచ్చుతుంది. తడిసినప్పుడు జిగురుగా మారి చక్రానికి అంటుకుంటుంది. ఎండిన నేలలో నాగలి లాగడానికి భారం పెరుగుతుంది. తడి నేలలో చక్రాలు జారినా భారం పెరుగుతుంది. మొదటి సందర్భంలో శక్తి నేలను తిప్పడానికి ఉపయోగపడింది. రెండవ సందర్భంలో చాలా భాగం వృథా అయింది. కంప్యూటరుకు ఈ భేదం తెలియదు. దున్నకంలో చక్రాల జారుడు సాధారణంగా 8 నుండి 15 శాతం మధ్య ఉండడం మేలు. దానిని విడిగా కొలవకుండా భార శాతాన్ని మాత్రమే తీసుకుంటే, జారుతున్న ట్రాక్టరు బాగా పనిచేస్తున్న ట్రాక్టరుగా కనిపిస్తుంది.

రెండవది వేసవి. ఉష్ణోగ్రత 25 నుండి 45 డిగ్రీలకు పెరిగితే అదే పీడనంలో గాలి సాంద్రత సుమారు 6 శాతం తగ్గుతుంది. వేసవి దుక్కుల దుమ్ము ఎయిర్ క్లీనరును పూడ్చినా సిలిండరుకు చేరే గాలి తగ్గుతుంది. గాలి తగ్గి ఇంధనాన్ని కంప్యూటరు కుదిస్తే, ఆ వేగంలో లభించే గరిష్ఠ టార్కు తగ్గుతుంది. ఈ తగ్గుదలను హారంలో చేర్చుకొనే కంప్యూటరులో, పని పెరగకపోయినా భార శాతం పెరుగుతుంది. చేర్చుకోని కంప్యూటరులో 100 శాతం చేరకముందే ఇంజను బలం అయిపోతుంది. నేల గట్టిదని అనుకొనే ముందు ఎయిర్ క్లీనరును చూడవలసి ఉంటుంది.

మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది. డీజిలు కంప్యూటరు తాను ఆజ్ఞాపించిన ఇంధనాన్ని లెక్కిస్తుంది. సిలిండరుకు నిజంగా అందిన ఇంధనాన్ని తూచదు. ఇంజెక్టరు అరిగినా, డీజిలు కల్తీ అయినా ఆజ్ఞ మారదు, టార్కు మారుతుంది. పెట్రోలు ఇంజనులోనూ ఇటువంటి సమస్య ఉంది. కంప్రెసరు తరువాతి గొట్టానికి చీలిక ఏర్పడితే, కంప్రెసరుకు ముందున్న ప్రవాహ సెన్సారు బయటకు పోయిన గాలిని కూడా లెక్కలో కలుపుతుంది. భారం ఉన్నదానికంటె ఎక్కువగా కనిపిస్తుంది. మానిఫోల్డు పీడనాన్ని కొలిచే కారులో అదే చీలిక పీడనం తగ్గుదలగా కనిపిస్తుంది. లోపం ఒకటే అయినా, సెన్సారు ఉన్న చోటును బట్టి సాక్ష్యం మారుతుంది.

పరిశోధనకు, సలహాకు

ఈ పరిమితులను గుర్తించి వాడితే భార శాతం చాలా ఉపయోగకరమైన సమాచారం. ప్రయోగంలో ఏ ప్రమాణం ప్రకారం ఏ సంఖ్యను తీసుకున్నారో, ఆధార టార్కు ఎంతో, ఆ క్షణపు భ్రమణ వేగం ఎంతో ముందుగా నమోదు చేయాలి. మలుపుల వద్ద విలువలను విడిచిపెట్టి, సాలు మధ్యలో యంత్రం నిలకడగా సాగుతున్న భాగపు సగటును తీసుకోవాలి. చక్రాల జారుడు, దున్నిన లోతు, నేల తేమ పక్కనే ఉండాలి.

చివరగా, లెక్కను కొలతతో సరిచూడాలి. అదనపు ట్యాంకు అమర్చి ఇంధనాన్ని తూచడం ఇందుకు సులభమైన మార్గం. పై ఉదాహరణలో 31.4 కిలోవాట్ల శక్తికి, కిలోవాట్ గంటకు 230 గ్రాముల చొప్పున, గంటకు సుమారు 7.2 కిలోలు, అంటే దాదాపు 8.7 లీటర్ల డీజిలు కావాలి. ఒక్కో ఇంజెక్షనుకు అది 30 మిల్లీగ్రాములు. ట్యాంకులో 11 లీటర్లు తగ్గితే లెక్కలోనో, ఇంజనులోనో లోపం ఉన్నదని గ్రహించాలి. వీలున్నచోట పి.టి.ఓ. డైనమోమీటరుపై పరీక్షించడం మరింత శ్రేష్ఠం.

రైతుకు ఇచ్చే సలహా ఇంతకంటె సరళంగా ఉండవచ్చు. తేలికపాటి గుంటక పనిలో పూర్తి వేగం వద్ద భార శాతం తక్కువగా కనిపిస్తే, పై గేరు వేసి ఇంజను వేగం తగ్గించుకోవాలి. నేలపై నడక వేగం మారదు. ఘర్షణకు పోయే ఇంధనం ఆదా అవుతుంది. అప్పుడు భార శాతం పెరుగుతుంది. అది దోషం కాదు, ఉద్దేశించిన ఫలితమే. అయితే శాతం నూరుకు చేరి, భ్రమణ వేగం పడిపోతూ ఉంటే గేరు తగ్గించాలి. పి.టి.ఓ.తో నడిచే రోటవేటరు వంటి పనిముట్లకు ఈ సలహా నేరుగా వర్తించదు. వాటికి నిర్దేశించిన వేగాన్ని పాటించాలి.

1906లో ఆరంభమైన నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుండి యంత్రకోతకు అనువుగా నిటారుగా పెరిగే ‘ధీర’ శనగ రకం వచ్చింది. యంత్రానికి తగిన పైరును రూపొందించిన ఈ ప్రాంతంలో, ఆ యంత్రం చెప్పే అంకెలను సరిగా చదవడం తదుపరి అవసరం. కోత యంత్రంలోనైనా, దుక్కి ట్రాక్టరులోనైనా భార శాతం కనిపించినప్పుడు, అది దేనిలో శాతం అన్న ప్రశ్నకు సమాధానం వ్రాసి ఉన్న పట్టికకే పరిశోధనలో విలువ ఉంటుంది.