కొబ్బరి నీళ్ళు అందరికీ చలవేనా?

మన బారువ తీరంలో ఉప్పు చేప తయారు చేయడం చూడని వారుండరు. చేపను చీల్చి ఉప్పు పట్టించి ఉంచితే కాసేపటికి నీరు కారుతుంది. ఎవరూ పిండలేదు, మరి ఆ నీరు ఎక్కడిది? చేప ఒంట్లోనూ, మన ఒంట్లోనూ కంటికి కనిపించని కోట్లాది కణాలున్నాయి. ఒక్కొక్క కణం చుట్టూ పలుచని పొర ఉంటుంది. నీరు ఈ పొరను సులువుగా దాటుతుంది, ఉప్పు అంత సులువుగా దాటలేదు. అందుచేత బయట ఉప్పు ఎక్కువైతే లోపలి నీరే బయటకు వచ్చేస్తుంది. దీనిని ద్రవాభిసరణ అంటారు. మాగాయ ముక్కలకు ఊట రావడం కూడా ఇదే. ఉప్పు చేప తిన్నాక దాహం వేసేది కూడా, రక్తంలో పెరిగిన ఉప్పు మన కణాల నీటిని లాగడం వల్లనే.

ప్రాణవాయువు వంటివి ఎక్కువ ఉన్న చోటు నుండి తక్కువ ఉన్న చోటికి వాటంతట అవే పొర దాటి వెళతాయి. ఇది విసరణ. కొన్నింటిని మాత్రం, మోటారు పల్లం నుండి మెరకకు నీరు తోడినట్లు, శక్తి ఖర్చు పెట్టి తోడాలి. కణపొరలో దేవుడు అమర్చిన చిన్న పంపులు రాత్రింబగళ్ళు సోడియంను బయటకు, పొటాషియంను లోపలికి తోడుతుంటాయి. కణం లోపల పొటాషియం లీటరుకు సుమారు 140 యూనిట్లు, బయట రక్తంలో 3.5 నుండి 5 యూనిట్లు మాత్రమే. ఈ తేడా మీదనే గుండె కొట్టుకోవడం ఆధారపడి ఉంది. రక్తంలో పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది, హఠాత్తుగా ఆగిపోవచ్చు కూడా.

తిండి ద్వారా వచ్చే అదనపు పొటాషియంను మూత్రంలో పంపేవి కిడ్నీలు. మన ఉద్దానంలో 1990ల నుండి ఎన్ని కుటుంబాలు కిడ్నీ జబ్బుతో బాధపడుతున్నాయో వేరే చెప్పనక్కరలేదు. డయాలిసిస్‌లో రక్తాన్ని వెంట్రుకల వంటి వేలాది సన్నని గొట్టాల గుండా పంపుతారు. ఆ గొట్టం గోడ కూడా ఒక పొరే. అవతల పారే ద్రవంలో పొటాషియం తక్కువ, యూరియా అసలు లేదు. కాబట్టి రక్తంలోనివి విసరణ వల్ల అటు వెళ్ళిపోతాయి. రక్తకణాలు పెద్దవి గనుక దాటలేవు. కానీ ఇది సాధారణంగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మాత్రమే. కిడ్నీ అయితే సెలవు లేకుండా పనిచేస్తుంది!

ఇక అసలు సంగతి. రోగిని చూడటానికి వచ్చే చుట్టాలు ప్రేమతో కొబ్బరి బొండాలు తెస్తారు. కొబ్బరి తోటల సీమ మనది, ఉత్త చేతులతో ఎవరొస్తారు? "చలవే కదా సిస్టరమ్మా" అంటారు. ఒక గ్లాసు కొబ్బరి నీళ్ళలో సుమారు 400 నుండి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. డయాలిసిస్ రోగికి రోజు మొత్తం తిండిలో కలిపి సాధారణంగా 2000 నుండి 3000 మిల్లీగ్రాములకు మించనివ్వరు. రెండు బొండాలు తాగి, ఆపైన అరటిపండు తింటే ఏమవుతుందో మీరే లెక్క వేయండి. డయాలిసిస్ లేని రెండు రోజులు వరుసగా వచ్చినప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. (కిడ్నీలు బాగున్నవారు నిశ్చింతగా తాగవచ్చు. విరేచనాలైన బిడ్డకు మాత్రం ఓ.ఆర్.ఎస్. మేలు, కొబ్బరి నీళ్ళలో సోడియం తక్కువ.)

బి.పి. వారికని అమ్మే "తక్కువ సోడియం ఉప్పు"లో కూడా సోడియంకు బదులు పొటాషియం కలుపుతారు. కిడ్నీ రోగి ఇంట్లో అది వద్దు. బంగాళాదుంప, కంద వంటివి వండాలంటే తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీరు పారబోయండి. పొటాషియం కొంత నీటిలోకి దిగిపోతుంది. ఇది వంటింటి విసరణ. ఆ నీటితో చారు కాచవద్దు సుమా!

పొటాషియం పెరిగినా చాలామందికి ఏ బాధా తెలియదు. కాళ్ళు చేతులు బలం తప్పినట్లున్నా, గుండె దడగా లేదా మరీ నెమ్మదిగా కొట్టుకుంటున్నా, ఆదివారమైనా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకొని రండి. ఇ.సి.జి., రక్తపరీక్ష చేయించాలి. తరువాతి డయాలిసిస్ రోజు వరకు ఆగవద్దు.